షిన్రా టర్క్స్ కోసం ఏ ఆట ముందు ఆడాలి: బెంగళూరులోని తెలుగు గేమర్లకు ఎంపిక సలహా

ఫైనల్ ఫాంటసీ 7 ప్రపంచంలో షిన్రా అనే కంపెనీ ఉంది. కరెంటు అమ్ముతుంది, సైన్యం నడుపుతుంది, మిడ్గార్ నగరాన్ని గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఆ కంపెనీలో నల్ల సూట్లు వేసుకుని తిరిగే చిన్న బృందం టర్క్స్. కాగితం మీద వీళ్లది సాధారణ పరిపాలన విభాగం కింద ఉండే పరిశోధన శాఖ. చేసే పని మాత్రం నిఘా, కిడ్నాపు, బెదిరింపు, అవసరమైతే హత్య. సోల్జర్ అనే షిన్రా ప్రత్యేక దళంలోకి పనికొచ్చే కుర్రాళ్లను వెతికి తెచ్చేది కూడా వీళ్లే. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఐడీ కార్డు మెడలో వేసుకుని ఉద్యోగం చేసేవాళ్లకు ఈ బృందం తొందరగా అర్థమవుతుంది. ఎందుకంటే వీళ్లు రాక్షసులు కారు, జీతానికి పనిచేసే మనుషులు. పైనుంచి వచ్చిన ఆర్డరుకూ తమ మనసుకూ మధ్య నలుగుతుంటారు.

టర్క్స్ కనిపించే ఆటలు చాలానే ఉన్నాయి. కొత్తగా వచ్చేవాళ్లు తడబడేది ఇక్కడే. సూటిగా చెప్పాలంటే 1997 నాటి అసలు ఆటతో మొదలుపెట్టండి. తర్వాత రీమేక్, ఆపైన క్రైసిస్ కోర్ రీయూనియన్, చివరికి రీబర్త్. బొమ్మలు పాతబడ్డాయని అసలు ఆటను దాటేస్తే టర్క్స్ కథలో సగం పోతుంది. ఎందుకో, ఏ మెషీన్ ఉన్నవాళ్లు ఏం చేయాలో కింద వివరంగా ఉంది.

అసలు ఆట, 1997

సెంగ్, రీనో, రూడ్, ఎలీనా అనే నలుగురు టర్క్స్ ఇందులో కనిపిస్తారు. విన్సెంట్ వాలెంటైన్ అనే మాజీ టర్క్ మీ జట్టులోకే వస్తాడు. ప్లేస్టేషన్ 4, స్విచ్, ఎక్స్‌బాక్స్ వెర్షన్లలో ఆటను మూడింతల వేగంతో నడిపే సదుపాయం, దారిలో వచ్చే పోరాటాలను ఆపేసే సదుపాయం ఉన్నాయి. పాత ఆటలకు ఓపిక లేనివాళ్లకు ఈ రెండూ పెద్ద సాయం. పీసీలో గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం వేయొద్దు. అడ్మిన్ లాక్ దాటి స్టీమ్ (పీసీ ఆటలు అమ్మే యాప్) ఎక్కించాలని చూస్తే ఐటీ వాళ్ల నుంచి మెయిల్ వస్తుంది.

మొదటి గట్టి పోరాటం మిడ్గార్‌లోని సెక్టార్ 7 పేట మీది ప్లేటును మోసే స్తంభం మీద రీనోతో. అతని హెచ్‌పీ (ప్రాణబలం) 1,000 మాత్రమే, అయినా కొత్తవాళ్లు ఇక్కడ ఓడిపోతారు. కారణం పిరమిడ్ అనే దెబ్బ. దాంతో మీ మనిషి ఒక పిరమిడ్‌లో ఇరుక్కుపోతాడు, ఏమీ చేయలేడు. బయట ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు రీనోని వదిలేసి ఆ పిరమిడ్‌ను టార్గెట్ చేసి కొట్టాలి, అప్పుడే అది పగులుతుంది. చాలామంది "ముందు రీనో సంగతి చూద్దాం, తర్వాత విడిపించుకుందాం" అనుకుంటారు. ఈలోపు రెండోవాడూ మూడోవాడూ ఇరుక్కుంటారు. ముగ్గురూ లోపలుంటే ఆట అయిపోయినట్టే. అందుకే మొదటి పిరమిడ్ పడగానే తర్వాతి దెబ్బ దాని మీదే వేయండి.

తర్వాత మిథ్రిల్ గనిలో ఎలీనా పరిచయమవుతుంది. కొత్తగా చేరిన ఉద్యోగి, నోరు జారి కథలోని ప్రధాన శత్రువు సెఫిరోత్ ఎటు వెళ్తున్నాడో మీకే చెప్పేస్తుంది. గోంగాగాలో రీనో, రూడ్ ఎవరికి ఎవరంటే ఇష్టమో మాట్లాడుకుంటూ దొరుకుతారు. ఆ మాటలు పూర్తిగా చదవండి. బటన్ నొక్కుకుంటూ పోయేవాళ్లకు రూడ్ మనసులో ఎవరున్నారో తెలియకుండానే పోరాటం మొదలైపోతుంది.

ఈ ఆటలో టర్క్స్ కోసం తప్పక చేయాల్సింది వూటాయ్ కథ. ఇది తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది దాటేసి వెళ్లిపోతారు. చేయాలంటే ముందు యూఫీ అనే నింజా అమ్మాయి మీ జట్టులో ఉండాలి. గోంగాగా, జునాన్ చుట్టుపక్కల అడవుల్లో తిరుగుతుంటే మిస్టరీ నింజా అనే అమ్మాయి దాడి చేస్తుంది. ఓడించాక మెనూ తెరవకండి, పక్కనే కనిపించే సేవ్ పాయింట్ ముట్టుకోకండి. ముట్టుకుంటే డబ్బు కాజేసి పారిపోతుంది. సంభాషణలో వరసగా ఆసక్తి లేదని, భయపడ్డామని, ఆగమని, అవునని, తొందరగా వెళ్దామని అర్థం వచ్చే జవాబులు ఎంచుకుంటే పేరు చెప్పి చేరుతుంది.

నీళ్ల మీద పడవలా నడిచే టైనీ బ్రాంకో అనే విమానం చేతికొచ్చాక లోతు తక్కువున్న నీళ్ల వెంట వూటాయ్ ఖండానికి వెళ్లండి. ఊరి వైపు నడుస్తుండగానే యూఫీ మీ మటీరియా (మంత్రశక్తినిచ్చే రాళ్లు) మొత్తం ఎత్తుకుపోతుంది. అప్పటి నుంచి మ్యాజిక్ లేదు, వైద్యం మంత్రాలు లేవు. అందుకే బయల్దేరే ముందే హై పోషన్లు, ఫీనిక్స్ డౌన్లు నిండుగా కొనిపెట్టుకోండి. ఊళ్లోని బార్‌లో టర్క్స్ సెలవు మీద కూర్చుని ఉంటారు. మిమ్మల్ని చూసి ఎలీనా పోరుకు సిద్ధమైతే, డ్యూటీలో లేనప్పుడు పని వద్దని రీనో ఆపేస్తాడు. షిన్రా సైనికులు వచ్చి సాయం అడిగినా కదలడు. తర్వాత డాన్ కార్నియో అనే గూండా నాయకుడు యూఫీని, ఎలీనాని ఎత్తుకుపోతాడు. అప్పుడు శత్రువులుగా ఉన్న టర్క్స్ మీతో చేయి కలుపుతారు. చివర్లో ర్యాప్స్ అనే జంతువుతో పోరాటం. హెచ్‌పీ 6,000, గాలి మంత్రం ఏరో 3 వేస్తుంది. మటీరియా ఇంకా తిరిగి రాదు, కాబట్టి ప్రతి రౌండులో ఒకరు పోషన్ల మీద ఉండాలి, మిగతా ఇద్దరు కొట్టాలి. లిమిట్ బ్రేక్‌లు (దెబ్బలు తిన్నకొద్దీ నిండే ప్రత్యేక దాడులు) ముందే నింపుకుని వెళ్తే పని త్వరగా అయిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, డిస్క్ 2 (కథలో రెండో భాగం) చివర్లో మిడ్గార్‌లోకి తిరిగి దిగినప్పుడు సొరంగంలో ఎలీనా, రీనో, రూడ్ ఎదురవుతారు. వూటాయ్ కథ పూర్తి చేసినవాళ్లకు పోరాడాలా వద్దా అనే ఎంపిక వస్తుంది. చేయనివాళ్లకు ఆ అవకాశం ఉండదు, పోరాడి తీరాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. పోరాడితే దొంగిలించే వస్తువులున్నాయి: రూడ్ దగ్గర జీడ్రిచ్, రీనో దగ్గర టఫ్ రింగ్, ఎలీనా దగ్గర మినర్వా బ్యాండ్. జీడ్రిచ్ అన్ని మూలకాల దెబ్బల్నీ సగానికి తగ్గిస్తుంది, కానీ మటీరియా పెట్టుకునే గుంతలు ఉండవు. హెచ్‌పీలు ఎలీనాకు 30,000, రూడ్‌కు 28,000, రీనోకు 25,000. ముగ్గురూ ఒకేసారి వస్తారు. దొంగతనానికి స్టీల్ మటీరియా కావాలి, స్నీక్ గ్లవ్ కూడా ఉంటే దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. మా సలహా: కథ కోసం ఆడేవాళ్లు పోరాటం వదిలేయండి. వూటాయ్‌లో కలిసి పనిచేసిన మనుషులు ఇక్కడ ఉద్యోగాన్ని పక్కన పెట్టి తప్పుకోవడమే టర్క్స్ కథకు సరైన ముగింపు. వస్తువుల మీద మనసున్నవాళ్లు సొరంగం ముందు సేవ్ వేరే స్లాట్‌లో పెట్టుకుని రెండూ చూడొచ్చు.

విన్సెంట్‌ను చేర్చుకోవడం కూడా ఐచ్ఛికమే. నిబెల్‌హైమ్ అనే ఊళ్లోని షిన్రా బంగళా పై అంతస్తులో ఒక ఇనప్పెట్టె ఉంటుంది. తాళం కుడికి 36, ఎడమకు 10, కుడికి 59, కుడికి 97. సమయం 20 సెకన్లు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటే, అంకె దగ్గరికి వస్తుండగా బటన్ నొక్కిపెట్టి ఉంచడం. ఒక్క గీత దాటినా మొత్తం మొదటి నుంచి తిప్పాలి. నాలుగైదు అంకెల దూరంలోనే వేలు తీసేసి, అక్కణ్నుంచి ఒక్కో నొక్కుతో ముందుకెళ్లండి. నాలుగో అంకె కుడికే అని మర్చిపోయి ఎడమకు తిప్పేవాళ్లూ ఉన్నారు. పెట్టె తెరవగానే లాస్ట్ నంబర్ అనే శత్రువు బయటపడతాడు, సగం హెచ్‌పీ పోయాక రూపం మారుస్తాడు. ముందు సేవ్ చేసుకునే వెళ్లండి. గెలిస్తే ఓడిన్ మటీరియాతో పాటు నేలమాళిగ తాళంచెవి దొరుకుతుంది. శవపేటికలోని విన్సెంట్‌కు సెఫిరోత్ గురించి చెప్పండి. పడుకున్నాక మళ్లీ లేపి ఎవరని అడగండి. ఒకప్పుడు టర్క్స్‌లో పనిచేశానని చెప్తాడు. తిరిగి వెళ్లిపోతుంటే వెనకాలే వచ్చి చేరతాడు.

ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్లకు ఇదే ఆట ఆండ్రాయిడ్, ఐఫోన్లలో ఉంది. మెట్రోలో ఆడుకోవడానికి బాగుంటుంది. ఆ ఇనప్పెట్టె దగ్గర మాత్రం తెర మీది బటన్లతో అంకె దాటిపోవడం ఎక్కువ, నెమ్మదిగా తిప్పండి.

రీమేక్

అసలు ఆట మొదటి భాగాన్ని కొత్తగా తీసిన ఇది 2020 ఏప్రిల్ 10న ప్లేస్టేషన్ 4 మీద, 2021లో ఇంటర్‌గ్రేడ్ పేరుతో ప్లేస్టేషన్ 5, పీసీల మీద వచ్చింది. ఇది మిడ్గార్ వరకే. కొనేముందు తెలుసుకోవాల్సిన విషయం, ఎలీనా ఇందులో లేదు. రీనో, రూడ్, సెంగ్ ముగ్గురే. కానీ ఆ ముగ్గురికీ దక్కిన శ్రద్ధ గొప్పది. ప్లేటు పడగొట్టే ఆర్డరు వచ్చినప్పుడు, పని అయ్యాక, వాళ్ల ముఖాల్లో కనిపించే బరువు అసలు ఆటలోని చిన్న బొమ్మల్లో చూపించడం కుదరదు.

చర్చిలో రీనోతో జరిగే పోరాటం చాలామందికి మొదటి గోడ. మామూలుగా కత్తి ఊపుకుంటూ పోతే తప్పించుకుంటాడు, వెనక నుంచి కొడతాడు. ఇక్కడ ఆపరేటర్ మోడ్ నుంచి పనిషర్ మోడ్‌కు మారాలి. పనిషర్‌లో గార్డ్ పట్టుకుని నిలబడితే దగ్గరి దెబ్బ తగలగానే కథానాయకుడు క్లౌడ్ తనంతట తానే ఎదురు కొడతాడు. రీనో దగ్గరికి రాకుండా ఉండలేడు, కాబట్టి మీరు వెంటపడక్కర్లేదు. రెండో దశలో విద్యుత్ మైన్లు వదులుతాడు. వాటికి పనిషర్ పనికిరాదు, ఆపరేటర్‌కు మారి దొర్లి బయటపడండి. ఏటీబీ గీత (ప్రత్యేక దాడులకు కావాల్సిన గేజ్) నిండితే ఫోకస్డ్ థ్రస్ట్ వాడండి, శత్రువును కుప్పకూల్చే స్టాగర్ గీత త్వరగా నిండుతుంది. స్తంభం మీద ఇద్దరూ కలిసి వచ్చే పోరాటానికి ముందు గాలి మటీరియా పెట్టుకుని వెళ్లండి. రూడ్ బలహీనత అదే.

పీసీలో 100 జీబీ జాగా కావాలి. ఆట మధ్యలో తడబడి ఆగుతుంటే స్టీమ్‌లో లాంచ్ ఆప్షన్స్‌కు వెళ్లి ముందు చిన్న గీత పెట్టి ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో డి3డి11 అని రాయండి. డైరెక్ట్‌ఎక్స్ 12 బదులు 11తో నడుస్తుంది, చాలా మెషీన్లలో ఆ తడబాటు తగ్గుతుంది. మన దగ్గర విరివిగా కనిపించే జీటీఎక్స్ 1650 ల్యాప్‌టాప్‌లలో సెట్టింగ్స్ తగ్గించుకుని ఆడొచ్చు.

క్రైసిస్ కోర్ రీయూనియన్

2007లో పీఎస్‌పీ కోసం వచ్చిన ఆటకు 2022 డిసెంబర్ 13న వచ్చిన కొత్త రూపం. కథ అసలు ఆటకు ముందు జరుగుతుంది, అయినా దీన్ని ముందు ఆడొద్దు. నిబెల్‌హైమ్ గురించిన పెద్ద రహస్యం ఇది విప్పేస్తుంది. కాలక్రమం ప్రకారం ఆడాలని పట్టుబట్టేవాళ్లు నష్టపోయేది అక్కడే.

టర్క్స్ కోణంలో ఇది పొట్టిదైనా విలువైనది. సిస్నే అనే టర్క్ ఇందులో పరిచయమవుతుంది. చేత్తో విసిరే పెద్ద షురికెన్ ఆమె ఆయుధం. ఈ ఆట కథానాయకుడు జాక్ ఫెయిర్‌తో ఆమె స్నేహం, సెంగ్‌లో కనిపించే మెత్తదనం ఇంకెక్కడా ఇంత బాగా రావు. 300 దాకా ఉన్న మిషన్లలో పడి కథ మర్చిపోవద్దు. చాలా మిషన్లు ఒకే రకం గదులు, ఒకే రకం శత్రువులు. ప్రధాన కథ మాత్రమే ఆడితే ఇరవై గంటల లోపే అయిపోతుంది. ఇంట్లో సాధారణ మెషీన్ ఉన్నా ఇది నడిచిపోతుంది.

రీబర్త్

రీమేక్ కథకు కొనసాగింపు. 2024 ఫిబ్రవరి 29న ప్లేస్టేషన్ 5 మీద, 2025 జనవరి 23న పీసీ మీద వచ్చింది. ఎలీనా ఇక్కడ పూర్తి స్థాయిలో వస్తుంది. అసలు ఆటలో ఎప్పుడూ పోరాడని సెంగ్‌తో ఇందులో పురాతనుల ఆలయంలో నేరుగా తలపడాలి, పక్కన ఎలీనా ఉంటుంది. గోంగాగాలో సిస్నే మళ్లీ కనిపిస్తుంది. క్రైసిస్ కోర్ ఆడనివాళ్లకు ఆమె ఎవరో, జాక్ ఊళ్లో ఎందుకు ఉంటోందో అర్థం కాదు. రీబర్త్‌కు ముందు క్రైసిస్ కోర్ పెట్టమన్నది ఇందుకే. విన్సెంట్ కథలోకి వస్తాడు గానీ అతన్ని నడిపిస్తూ మీరు ఆడలేరు. విన్సెంట్‌ను చేతిలోకి తీసుకుని ఆడాలనుకునేవాళ్లకు అసలు ఆటే దారి.

పీసీ వాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సిన ఆట ఇది. 155 జీబీ జాగా, 16 జీబీ ర్యామ్, కనీసం ఆర్‌టీఎక్స్ 2060 లేదా ఆర్‌ఎక్స్ 6600 అడుగుతుంది. జీటీఎక్స్ 1650 ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. 4 జీబీ వీర్యామ్ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ మీద నమ్మకం పెట్టుకుని డబ్బు కట్టొద్దు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ రెండు గంటల్లో ఎక్కువ భాగం నిబెల్‌హైమ్ గతంలోనే పోతుంది, మెషీన్ పని ఎలా ఉందో తేల్చుకోవడానికి అది చాలు. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటుంది. మధ్యలో ఆపకండి, ఆ సమయం కూడా రెండు గంటల్లో లెక్కకు వస్తుందని గుర్తుంచుకోండి.

పీజీల్లో ఉండేవాళ్లకు డౌన్‌లోడే పెద్ద తలనొప్పి. 40 ఎంబీపీఎస్ లైను మీద 155 జీబీ దిగడానికి ఎనిమిదిన్నర గంటలకు పైనే పడుతుంది, అదీ మిగతా గదులవాళ్లు వాడకపోతే. 100 ఎంబీపీఎస్ అయితే మూడున్నర గంటలు. రాత్రి పదకొండు తర్వాత పెట్టి వదిలేయండి. ఎవరి పేరు మీద కనెక్షన్ ఉందో వాళ్ల ప్లానులో నెల పరిమితి ఎంతో ముందే అడగండి. పరిమితి దాటితే వేగం పడిపోయేది అందరికీ. హార్డ్ డిస్క్ మీద వేయకండి, ఎస్‌ఎస్‌డీ తప్పదు. ఎస్‌పీ రోడ్‌లో 1 టీబీ ఎన్‌వీఎంఈ కొనేటప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉందో లేదో చూసుకుని వెళ్లండి. బిల్లు, వారంటీ కార్డు లేకుండా తీసుకోవద్దు.

ప్లేస్టేషన్ 5లో డిస్క్ డ్రైవ్ ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. నేషనల్ మార్కెట్‌లోనో తోటి గేమర్ల దగ్గరో సెకండ్ హ్యాండ్ కొనొచ్చు. రీబర్త్ డబ్బాలో రెండు డిస్కులుంటాయి, డేటా డిస్క్, ప్లే డిస్క్. ముందు డేటా డిస్క్ వేసి ఇన్‌స్టాల్ చేయాలి, ఆ తర్వాత ఎప్పుడూ ప్లే డిస్కే. ఒక్క డిస్క్ ఇచ్చి సగం ధర అంటే వద్దనండి. ప్లేస్టేషన్ 4 రీమేక్ కూడా రెండు డిస్కులే, అక్కడా అదే పద్ధతి. రీమేక్ ప్లేస్టేషన్ 4 డిస్క్‌ను ప్లేస్టేషన్ 5లో వేసి ఉచితంగా కొత్త వెర్షన్‌కు మార్చుకోవచ్చు. యూఫీ అదనపు కథ మాత్రం విడిగా కొనాలి. డ్రైవ్ లేని డిజిటల్ ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లకు ఈ లాభాలేవీ లేవు, సేల్ కోసం ఆగడమే దారి. స్టీమ్‌లో జూన్ చివర, డిసెంబర్ చివర పెద్ద సేల్స్ వస్తాయి, యూపీఐతో కట్టొచ్చు.

వెంటపడొద్దు అనేది ఒకటి

టర్క్స్‌నే కథానాయకులుగా పెట్టి చేసిన ఆట ఒకటుంది, బిఫోర్ క్రైసిస్. 2004లో జపాన్ ఫోన్ల కోసం వచ్చింది, వెల్డ్ అనే పాత నాయకుడు ఇందులో ఉంటాడు. జపాన్ బయట అధికారికంగా ఎప్పుడూ రాలేదు, సర్వర్లు 2018లో మూసేశారు. ఆడిస్తామని చెప్పే లింకులు చాలా కనిపిస్తాయి. ఆఫీసు ఫోన్‌లో అలాంటి ఫైళ్లు ఎక్కించి ఇబ్బంది పడొద్దు. కథ సారాంశం చదువుకుంటే చాలు, రీబర్త్‌కు దాని అవసరం రాదు.

సమయం తక్కువున్నవాళ్లకు ఒక మార్గం. అసలు ఆటను మూడింతల వేగంతో, వూటాయ్, విన్సెంట్ రెండూ కలిపి, రోజుకు గంట చొప్పున పూర్తి చేయండి. తర్వాత రీమేక్‌లో చర్చి పోరాటం, స్తంభం పోరాటం ఉన్న 8, 12 అధ్యాయాలు నిదానంగా ఆడండి. మిగతావి ఈజీ మోడ్‌లో దాటేయొచ్చు. రీమేక్ మొదటిసారి పూర్తయ్యాక చాప్టర్ సెలెక్ట్ తెరుచుకుంటుంది, ఆ రెండింటినీ హార్డ్ మోడ్‌లో మళ్లీ ఆడుకోవచ్చు. హార్డ్‌లో వస్తువులు వాడనివ్వరు, బెంచీ మీద కూర్చుంటే హెచ్‌పీ నిండుతుంది గానీ ఎంపీ (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) నిండదు. అందుకే రీనో ముందుకు వెళ్లే దారిలో వైద్యం మంత్రాలు పొదుపుగా వాడుకుని, చర్చిలో పనిషర్ గార్డ్‌నే నమ్ముకోండి.